గుర్రం తన్నిన కాలు

మే 11, ఆదివారం

కీర్తన బ్యాగు సర్దడం అయిపోయింది. నాలుగు జతల బట్టలు, దోమల క్రీము, చెవులు మూసే టోపీ, కొత్త బూట్లు. బూట్లు ఒక సైజు పెద్దవి తెచ్చాడు సంజీవ్. పన్నెండేళ్లు పెంచిన బిడ్డ కాలి కొలత తెలియదు ఈ మనిషికి. మార్చుకొని రా అంటే దుకాణం బంద్ అంటాడు. ముందు వైపు దూది కుక్కి పెట్టాను.

రేపు పొద్దున ప్రయాణం. పది రోజులు. గుర్రపు స్వారీ నేర్చుకోవడానికి వాళ్ల స్కూల్ నుంచి ఇద్దరినే తీసుకున్నారు, అందులో ఇది ఒకతి. ఇప్పటిదాకా ఒక్క రాత్రి మమ్మల్ని వదిలి పడుకున్న పిల్ల కాదు. పోయిన ఎండాకాలం పక్కింటి మల్లక్క దగ్గర పడుకుంటానని పోయి, గంటలోనే దుప్పటి మోసుకుని తిరిగి వచ్చింది. అదే ఇప్పుడు గుర్రం ఎక్కుతానని వారం నుంచి ఇల్లు పీకి పందిరేస్తోంది.

సాయంత్రం బాపు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు.

"ఎనుకకెంచి పోవద్దు బిడ్డా. ఎడమ దిక్కు, భుజం కాడ నిలవడు. అరచెయ్యి వాసన సూడనియ్యి. చెప్పులిడిసి పో."

"చెప్పులెందుకు తాతా?"

"గుర్రం కాడికి గట్లనే పోవాలె."

నేను బెండకాయ కోస్తూ విన్నాను. గుర్రం తన్నిన కాలు ఈడ్చుకుంటూ యాభై ఏళ్లు నడిచిన మనిషి, గుర్రం గురించి అంత మెత్తగా మాట్లాడతాడని నాకు తెలియదు. నా చిన్నప్పుడు జాతరలో గుర్రం బొమ్మ కొనివ్వమంటే చేయి వదిలేసి ముందుకు పోయాడు.

"ఏడ బిడ్డా గా గుర్రాలు?" అని నన్ను అడిగాడు. కోరుట్ల దిక్కు అన్నాను. అబద్ధం కాదు. కోరుట్ల నుంచి రాయికల్ పోయే తొవ్వలోనే. స్కూల్ ఇచ్చిన కాగితంలో ఉన్న ఊరి పేరు బాపు పుట్టిన ఊరి పేరే. ఆ గుర్రాల ఫామ్ యజమాని పేరు శశిధర్ రావు. రావులు వంద మంది ఉంటారు.

ఇదంతా బడి తెలుగులో రాస్తున్నాను. నోటి మాటలో రాస్తే కోపం ఎక్కువ వస్తుంది.

మే 12

పంపించాను. నేను ఏడవలేదు. కుట్టు మిషన్‌కు నూనె పెట్టాను.

మే 13

ఫామ్ వాళ్లు తల్లిదండ్రులకు వాట్సాప్ గ్రూపు పెట్టారు. మొదటి ఫొటో వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు, తలల మీద గట్టి టోపీలు, పక్కన వాళ్లకు నేర్పే రాధిక మేడం, వెనక పాత రాతి కమాను గేటు. కీర్తన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. అందరి కాళ్లకూ బూట్లున్నాయి. దీనివి చేతిలో ఉన్నాయి.

బాపుకు చూపించాను. "పెద్దగ జెయ్యి" అన్నాడు. కీర్తన ముఖం పెద్దగా చేశాను.

"పిల్లను గాదు. గేటును."

చేశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అన్నం సగం వదిలేశాడు. ఈ ఎండలకు ఎవరికి ఆకలవుతుంది?

మే 14, బుధవారం

పిల్లలతో మాట్లాడటానికి బుధవారం, ఆదివారం మాత్రమే. ఐదు నిమిషాలు.

"అమ్మా, నా గుర్రం పేరు చుక్క. నొసట తెల్లగుంటది. రేపు మమ్ముల ఎక్కిపిస్తరట."

"ఏడ్చినవా?"

"మొదటి దినం ఒక్కపారి. బాత్రూంల. ఎవలు సూడలే."

గట్టిగా పట్టుకో, పడితే లేవకు, అరువు అని ఏమేమో చెప్పాను. గుర్రాన్ని దగ్గరగా చూసింది నేను జీవితంలో రెండుసార్లు. రెండుసార్లూ రోడ్డు దాటి అవతలికి పోయాను. చిన్నప్పటి నుంచి బాపు కాలు చూసి పెరిగినదాన్ని, ఇంకేం చేస్తాను.

చివర్లో బాపు ఫోన్ కోసం చేయి చాపాడు. తీసుకుని వాకిట్లోకి పోయి తలుపు దగ్గరకు వేశాడు. నిమిషం తర్వాత వచ్చి ఫోన్ ఇచ్చాడు. "పైలమని చెప్పిన" అన్నాడు. జాగ్రత్త చెప్పడానికి తలుపెందుకు వేయాలి? అడగలేదు.

మే 15

పన్నెండు ఫొటోలు వచ్చాయి. అన్నిటిలోనూ పిల్లలు గుర్రాల మీద ఉన్నారు. కీర్తన రెండు ఫొటోల్లో ఉంది. రెండిట్లోనూ కింద నిలబడి కళ్లెం పట్టుకుంది. చుక్క మీద వేరే అమ్మాయి కూర్చుంది. ఎర్ర టీషర్టు, తెల్లటి పిల్ల. కీర్తన కాళ్లకు బూట్లు లేవు.

వంతులుంటాయి కదా. దీని వంతు వచ్చినప్పుడు ఎవరూ ఫొటో తీసి ఉండరు.

మే 16

ఈ రోజు కూడా కిందనే.

మహిళా సంఘం సెంటర్లో బడి పిల్లల చొక్కాలు కుడుతున్నాం, జూన్‌లోపు అందాలి. రెండు చొక్కాలకు జేబు కుడివైపు కుట్టేశాను. మల్లక్క విప్పుతూ, "ఏందే మంజులా, బిడ్డ లేకపోతే ఎడమ కుడి గూడ తెలుస్తలేదా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం రాధిక మేడంకు ఫోన్ చేశాను. హైదరాబాద్ మనిషి, మాట తీయగా ఉంది. "కీర్తనా? చాలా హెల్ప్‌ఫుల్ అండి. గుర్రాలకు నీళ్లు పెట్టడం, పట్టుకోవడం అన్నీ తనే చేస్తుంది" అంది. ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో పిలిచారు, మళ్లీ చేస్తానంది. చేయలేదు.

హెల్ప్‌ఫుల్. నా బిడ్డను నీళ్లు పెట్టడానికి పంపానా?

మే 17

మూడో రోజు. కీర్తన చేతిలో చీపురు. గుర్రాల కొట్టం ముందు నిలబడి ఉంది. ఫొటో కింద ఎవరో చప్పట్ల బొమ్మలు పెట్టారు.

సంజీవ్ పొద్దటి షిఫ్టు నుంచి వచ్చాక చూపించాను. "అందరితోని ఊడ్పిస్తరేమోనే" అన్నాడు. అందరి చేతిలో చీపుర్లేవి అన్నాను. అప్పుడు చెప్పేశాను, అది బాపు ఊరని, ఆ రావు బాపు పనిచేసిన గడి దొర కొడుకని.

"నీకు తెల్సే పంపినవా?"

"తెల్సే పంపిన."

"మరి ఎందుకు పంపినవే?"

జవాబు ఇక్కడ రాస్తాను. పెళ్లికి ముందు బాపు ఆ గడిలో, ఇప్పుడు ఫామ్ ఉన్న ఆ దొర కోటలోనే, గుర్రం చూసుకునేవాడు. గుర్రం తన్నిన కాలు బాగుకాక ఊరు వదిలి సిరిసిల్ల వచ్చి, సాంచెల కాడ, మరమగ్గాల దగ్గర, కండెలు చుట్టి నన్ను పెంచాడు. మా ఇంట్లో ఆ కథ అంతే పొడుగు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడు. కాగితంలో ఆ ఊరి పేరు చూసిన రోజు నాకు ఒక్కటే తోచింది. ఆ ఊళ్లో, ఆ గేటు లోపల, నా బిడ్డ గుర్రం మీద కూర్చున్న ఫొటో నాకు కావాలి. స్కూల్లో మాత్రం వ్యాయామం మంచిదని పంపుతున్నానని చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

ఇప్పుడు వచ్చింది ఫొటో. యాభై ఏళ్ల కింద బాపు ఏం చేశాడో అదే చేస్తోంది నా బిడ్డ, అదే గేటు లోపల, చెప్పుల్లేకుండా. పంపింది నేనే.

బాపు నాలుగు రోజుల నుంచి సరిగా తినడం లేదు. ఫొటోలు ఇంకా చూపించలేదు.

మే 18, ఆదివారం

"మంచిగనే ఉన్నమ్మా."

"గుర్రమెక్కినవా?"

"మంచిగనే ఉన్న."

"అడిగిందానికి చెప్పు. ఎక్కనిస్తలేరా?"

ముక్కు ఎగబీల్చడం వినిపించింది. "అమ్మా, తాతకియ్యవా" అంది. అమ్మకు చెప్పలేనిది తాతకు చెబుతుందట. నాకు రోషం వచ్చి, ముందు నాకు చెప్పు అన్నాను. అప్పటికే ఐదు నిమిషాలు అయిపోయాయని ఫోన్ పెట్టేశారు.

బాపు చేయి చాపుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఫోన్ ఇవ్వాల్సింది.

మే 19

పొద్దున పదింటికి రాధిక మేడం ఫోన్. చుక్క కీర్తన పాదం మీద కాలు వేసిందట. కోరుట్లలో ఎక్స్‌రే తీయించారు, ఎముకకు ఏమీ కాలేదు, ఎడమ కాలి వేళ్లు వాచాయి, కట్టు కట్టారు. "ఎంత చెప్పినా బూట్లు వేసుకోదండి, ఒకసారి మీరు చెప్పండి" అంది.

నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. సెంటర్ నుంచి ఇంటిదాకా నడిచి వచ్చాను, మిషన్ కూడా ఆపలేదట, మల్లక్క ఆపింది.

రేపు పోయి తీసుకొస్తాను. తీసుకొచ్చే ముందు ఆ దొర కొడుకును నాలుగు మాటలు అడుగుతాను. బస్సులో తలుచుకుంటూ పోవడానికి ఇప్పుడే మనసులో వరుస పెట్టుకుంటున్నాను.

బాపుకు చెప్పక తప్పలేదు. విని గోడకు ఒరిగాడు. "చెప్పులిడిసిందా" అన్నాడు. తర్వాత, "నేనత్త" అన్నాడు. రెండు బస్సులు, ఒక ఆటో, ఈ ఎండలో, గుర్రం తన్నిన కాలు పెట్టుకుని ఎక్కడికి వస్తావని కసిరాను. లేచి ఉతికిన అంగీ తీసి మంచం మీద పెట్టుకున్నాడు.

మే 20

ఇప్పుడే ఇంటికి వచ్చాం. కీర్తన రాలేదు. వరుసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే నమ్మకం కలగదు.

తెల్లవారక ముందే బయలుదేరాం. వేములవాడలో బస్సు మారి, కథలాపూర్ మీదుగా కోరుట్ల. దారంతా బాపు ముందు సీటు కడ్డీ పట్టుకునే ఉన్నాడు. కోరుట్లలో చాయ్ తాగమంటే వద్దన్నాడు. అక్కడి నుంచి ఆటో. గేటు ఫొటోలో కంటే చిన్నగా ఉంది. ఆటో దిగగానే బాపు వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు.

"బాపూ, నేల కాలుతది. తొడుక్కో" అన్నాను.

"కానియ్యి బిడ్డా" అని అలాగే లోపలికి నడిచాడు.

కీర్తన రేకుల షెడ్డు కింద బల్ల మీద కూర్చుంది. ఎడమ పాదానికి కట్టు. నన్ను చూసి లేవబోయి, వెనక తాతను చూసి మళ్లీ కూర్చుంది. రాధిక మేడం వచ్చింది. ఆమె వెంట ఒకాయన, యాభై దాటినవాడు, టీషర్టు, తల మీద టోపీ. శశిధర్ రావు. కుర్చీలు వేయించమన్నాడు. నేను కూర్చోలేదు.

"నా బిడ్డ ఈడ గుర్రాలు పట్టనీకె అచ్చిందా సార్? ఐదొద్దుల సంది సూస్తున్న. అందరి పిల్లలు ఎక్కుతరు, నా పిల్ల పట్టుకుంటది, ఊడుస్తది. గిదే గేట్ల మా బాపు గంగారాం పట్టింది సాల్లేదా మీకు?"

రాధిక మేడం ముందుకు వచ్చింది.

"అమ్మా, మేం రోజూ ఎక్కమనే బతిమాలుతున్నాం. తనే ఎక్కనంటోంది. పట్టుకుంటాను, ఊడుస్తాను అని తనే వస్తుంది. భయమా అంటే కాదంటుంది. ఎందుకో మాత్రం చెప్పదు."

నేను కీర్తన వైపు తిరిగాను. అది నన్ను చూడటం లేదు. తాతను చూస్తోంది. చూస్తూనే ఏడ్చింది.

"తాతే వద్దన్నడు. ఫోన్ల. ఎక్కకు బిడ్డా, పట్టుకోని నిలవడు, పది దినాలు గట్లనే ఎల్లిపోతయ్ అన్నడు. అమ్మకు చెప్పొద్దన్నడు."

బస్సులో వరుస పెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. సిగ్గుతో చెవులు కాలాయి. బాపు మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

శశిధర్ రావు బాపు దగ్గరికి వచ్చాడు. "గంగారాం అంటే నువ్వేనా? మా నాయిన చెప్తుండె. మా మోతి తన్ని నీ కాలు పోయిందట గదా. పాపం, పిల్లను గూడ తంతదని భయపడ్డట్టున్నవ్. కూసో" అన్నాడు. మంచిగానే అన్నాడు.

బాపు కూర్చోలేదు.

"మోతి తన్నలే" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"మోతి నన్నెన్నడు తన్నలే. గది శాన మంచి గుర్రం."

అప్పుడు చెప్పాడు. చెప్పులు చేతిలో పట్టుకునే చెప్పాడు, మాకెవరికీ కాదు, కీర్తనకు.

"దినాం వాగుకు తోలుకపోయి కడుగుతుంటి బిడ్డా. మల్లి అచ్చేటప్పుడు ఎవలు సూడకుంట మీదికెక్కుతుంటి. జీను లేదు, ఏం లేదు. ఊరి పొలిమేర రాంగనే దిగి, కళ్లెం పట్టుకోని నడుస్తుంటి. రెండేండ్లు గట్లనే నడిచింది. ఒక్క దినం దిగుడు మర్చిపోయిన."

"ఎట్ల మర్చిపోయినవ్ తాతా?"

"ఆ దినం మోతి మస్తు ఉరికింది. నాకు సంబురమైంది. గీ గేటు కాడికి అచ్చినంక సూస్కున్న, ఇంక మీదనే ఉన్న. పెద్దదొర ఈన్నే నిలవడ్డడు."

చెప్పులు పట్టుకున్న చేత్తోనే గేటు పక్కకు చూపించాడు.

"నలుగురు పట్టుకున్నరు. కట్టెతోని కొట్టిండ్రు, ఇరిగేదాక. గుర్రం తన్నిందని చెప్పుమన్నడు దొర. చెప్పిన. లగ్గమైనంక మీ అమ్మమ్మకు గూడ గదే చెప్పిన. మీ అమ్మకు గదే చెప్పిన. తన్నే గుర్రమని మోతిని అమ్మేసిండ్రు. నా మాట బట్టి అది ఊరిడిసిపోయింది."

బాపు ఏడ్వడం నేను మా అమ్మ పోయిన రోజు కూడా చూడలేదు. ఈ రోజు చూశాను, మోతి కోసం. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇంకొకటి కూడా గమనించాను. చెప్పినంతసేపూ ఒక్క మాట చివర కూడా "దొరా" అనలేదు.

శశిధర్ రావు టోపీ తీశాడు. "నాకు తెల్వదు. మా నాయిన గిట్ల చెప్పలే" అన్నాడు.

"నీకెట్ల తెలుస్తది. నువ్వప్పుడు తొట్టెల ఉంటివి" అన్నాడు బాపు.

తర్వాత చెప్పులు కింద వేసి, ఒక్కొక్కటే కాళ్లకు తొడుక్కున్నాడు. ఆ నేల మీద. కుడి కాలికి తొడగడం కష్టం, నేను వంగబోతే ఆగమన్నాడు. తొడుక్కుని కీర్తన పక్కన కూర్చున్నాడు.

"బూట్లేస్కో బిడ్డా. చెప్పులిడుసుడు గుర్రం కోసం గాదు, దొర కోసం. ఏండ్లు గడిసి గడిసి నాకు గుర్రం కోసమే అన్నట్టయింది. నీ కాలు నేనే తొక్కిపిచ్చిన."

"నొస్తలేదు తాతా" అంది కీర్తన. నొస్తోందని ముఖంలో తెలుస్తూనే ఉంది.

ఎక్కొచ్చా అని రాధిక మేడంను కీర్తనే అడిగింది. డాక్టర్ నడవొచ్చన్నాడు, మెల్లగా రెండు చుట్లయితే సరే, కానీ కట్టు మీద బూటు పట్టాలి కదా అంది మేడం. బ్యాగులోంచి బూట్లు తెచ్చాను. ఎడమ దానిలోంచి దూది పీకేస్తే కట్టుతో సహా పాదం సరిగ్గా పట్టింది. పదిహేనేళ్ల కాపురంలో సంజీవ్ చేసిన తప్పు ఒకటి ఇలా పనికొచ్చింది.

చుక్కను తెచ్చారు. నిజంగానే నొసట తెల్లగా ఉంది. కీర్తన ఎడమ భుజం దగ్గర నిలబడి అరచేయి వాసన చూపించింది. మేడం ఎత్తి కూర్చోబెట్టింది. గుర్రం ఒక్కసారి తల విదిలించింది. పిల్ల పడితే నేనే కారణం, పడకపోయినా ఇన్ని రోజులు అనుమానపడ్డదాన్ని నేనే. బాపు చేయి గట్టిగా పట్టుకున్నాను.

"నడుము తిన్నగ పెట్టు" అన్నాడు అంతే.

మొదటి చుట్టు అయింది. పడలేదు. రెండో చుట్టులో గేటు ముందుకు వచ్చింది. అక్కడ శశిధర్ రావు నిలబడి ఉన్నాడు. కీర్తన ఆయనను చూసి కళ్లెం లాగింది. చుక్క ఆగింది. పిల్ల మా వైపు తిరిగి అడిగింది.

"తాతా, ఈడ దిగాల్నా?"

"దిగకు" అన్నాడు బాపు. "ఎవలున్నా దిగకు. పో."

పోయింది. శశిధర్ రావే పక్కకు జరిగాడు.

ఫొటో తీయడం మర్చిపోయాను. ఫోన్ చేతిలోనే ఉంది.

తర్వాత బ్యాగు సర్దుకో పోదాం అంటే, "ఇంకొక్క దినమే గదనే, రేపు అందరి ముంగట తిప్పుతరు, నువ్వు బో" అంది. దుప్పటి మోసుకుని వచ్చిన పిల్లేనా ఇది? వదిలేసి వచ్చాం. బస్సులో బాపు నా భుజం మీద ఒరిగి వేములవాడ దాకా నిద్రపోయాడు.

మే 21

సంజీవ్ పోయి తీసుకొచ్చాడు. కుంటుతోంది, ఎండకు నల్లబడింది, ఒళ్లంతా గుర్రం వాసన. చెప్పడం ఆపడం లేదు. సంజీవ్ బూట్ల సంగతి ఇప్పటికి ఆరుసార్లు చెప్పించుకున్నాడు.

ఈ రోజు జేబులన్నీ ఎడమవైపే కుట్టాను.

సాయంత్రం ఈ డైరీ మొదటి నుంచి చదివాను. మూడు చోట్ల రాశాను, గుర్రం తన్నిన కాలు అని. బాపుకు పింఛను కోసం ఇచ్చిన డాక్టర్ సర్టిఫికెట్లో కూడా అదే ఉంది, దాన్ని నేను దిద్దలేను. ఇది నాది. మూడు చోట్లా కొట్టేసి, పైన "దొర విరగ్గొట్టించిన కాలు" అని రాశాను.

బాపు మంచం మీద నుంచి చూస్తున్నాడు. ఏం కొట్టేస్తున్నవ్ బిడ్డా అని అడిగాడు. చదువు రాని మనిషి, అందుకని చదివి వినిపించాను. "అందుల మోతి పేరు లేదు. అది గూడ రాయి" అన్నాడు.

రాశాను. మోతి తన్నలేదు.